పావులూరి మల్లన చదరంగపు లెక్క

1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఎటు నుంచి చదివినా ఒక వరుస కనపడదు, ఒక తూగు వినపడదు. పది అంకెల ఫోను నంబరే నోటికి రాని రోజులివి. అలాంటిది ఈ ఇరవై అంకెల్నీ ఒక చంపకమాలలో బిగించి, ఒక్కటీ జారిపోకుండా తరాలు దాటించాడు పావులూరి మల్లన. పద్యం తెలిసినవాళ్లు కూడా సాధారణంగా దాన్నొక వింతగా చెప్పుకుని, అంకెలు విప్పి చూపించి, అక్కడితో వదిలేస్తుంటారు. అక్కడితో వదిలేయదగ్గ పద్యం కాదది. అందులో కవి చేతిపని ఎంత ఉందో, ఆ సంఖ్య లోపల అంత అమరిక ఉంది. ఆ అమరిక మనం రోజూ వాడే పదింటి లెక్కలో కనపడదు. గోదావరి జిల్లాల కళ్ళాల్లో వడ్లు కొలిచిన సోల, మానిక, కుంచం లెక్కలో పెట్టి చూస్తే బయటపడుతుంది.

ముందు మల్లన గురించి రెండు మాటలు. ఆయన పుస్తకం సారసంగ్రహ గణితం. జనం నోట అది పావులూరి గణితం. తెలుగులో మనకు దొరుకుతున్న తొలి గణిత గ్రంథం అదే. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం దానికి మూలం. పిఠాపురం దగ్గరున్న నవఖండవాడ ఆ కుటుంబానికి రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి వల్ల దక్కిన ఊరు. ఆ దానం పట్టింది కవే అని కొందరు, ఆయన తాత అని కొందరు. తాత పేరు కూడా మల్లనే కావడంతో చర్చ సాగుతూనే ఉంది. నాకు తాత అన్నదే సబబుగా తోస్తుంది. అలాగైతే నన్నయ భారతం ఎత్తుకున్న నేల మీదే, ఒకటి రెండు తరాల తరువాత ఈ గణితం పుట్టిందన్నమాట. తెలుగులో కావ్యభాష అప్పుడప్పుడే కుదురుకుంటున్న కాలంలో, అదే భాషలో భిన్నాలూ వర్గమూలాలూ పద్యాల్లో చెప్పడానికి ఒకడు కూర్చున్నాడంటే ఆ ధైర్యానికి నమస్కారం పెట్టాలి.

లెక్క అందరికీ తెలిసినదే. చదరంగం బల్ల మీద 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు. మొత్తం ఎన్ని గింజలు? చదరంగం కనిపెట్టినవాడు రాజును ఈ వరమే అడిగాడన్న కథ అరబ్బు దేశాల పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే మొత్తాన్ని లెక్కగట్టి రాశాడు. అరవై నాలుగు గడులూ ఒక్కొక్కటే కూడుకుంటూ పోనక్కర్లేదు. ఒకటీ రెండూ నాలుగూ కలిపితే ఏడు, తరువాతి గడిలో ఎనిమిది. ఎక్కడ ఆపినా అప్పటిదాకా పోసిన మొత్తం తరువాతి గడికి ఒకటే తక్కువ. కాబట్టి ఉంటే గింటే అరవై ఐదో గడిలో ఎంత పడుతుందో తెలిస్తే చాలు. దానికి రెండును ఆరుసార్లు వర్గం చేస్తే సరి: 4, 16, 256, 65,536, ఆపైన 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, దాని వర్గం చివరిది. అందులోంచి ఒకటి తీసేయడమే. ఇలా సగం సగం చేసుకుంటూ, వర్గాలు కట్టుకుంటూ పోయే ఉపాయం పింగళుడి ఛందశ్శాస్త్రం నాటిదే. మహావీరాచార్యుడి గుణశ్రేఢి సూత్రంలో కూడా ఉంది.

రాసి ఎంతో ఊహకు అందాలంటే వడ్ల గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుందాం. మొత్తం 46 వేల కోట్ల టన్నులు అవుతుంది. ప్రపంచమంతా కలిసి ఏటా పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే ఐదు వందల ఏళ్లకు పైబడిన ప్రపంచపు పంట.

ఇక పద్యం. సంఖ్యను పద్యంలో పెట్టడానికి పాతవాళ్లు వస్తువుల పేర్లు వాడేవారు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, సముద్రమన్నా వేదమన్నా నాలుగు, బాణమంటే ఐదు, కొండంటే ఏడు, ఏనుగంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమవైపుకు నడుస్తాయి. కవికి ఇక్కడ ఒక్క స్వేచ్ఛ కూడా లేదు. ఏ అంకె తరువాత ఏ అంకె రావాలో లెక్క ముందే శాసించేసింది. ఐదు, ఒకటి, ఆరు, ఒకటి, ఐదు, ఐదు, తొమ్మిది, సున్న... ఈ క్రమం మారితే సంఖ్య మారిపోతుంది. ఇంకోవైపు చంపకమాల తన నియమాలు తాను చెబుతుంది: పాదానికి 21 అక్షరాలు, న జ భ జ జ జ ర అనే గణాలు, పదకొండో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస. రెండు వైపులా గోడలే. మధ్యలో కవికి మిగిలింది పర్యాయపదాల ఎంపిక ఒక్కటే. మల్లన ఆ ఒక్క సందులోంచే మొత్తం పద్యాన్ని నడిపించాడు.

ఎలా నడిపించాడో చూడండి. సంఖ్యలో ఒకట్లు మూడున్నాయి. మూడుచోట్లా చంద్రుడే, కాని మూడుచోట్లా పేరు వేరు. పదుల స్థానంలో శశి అన్నాడు. పాదం మొదట్లో న గణం, జ గణం తొలి అక్షరం కలిసి నాలుగు లఘువులు వరసగా కావాలి, శశి రెండు లఘువులు. అక్కడ చంద్ర అని పెడితే తొలి అక్షరమే గురువై న గణం చెడిపోతుంది. వేల స్థానానికి వచ్చేసరికి భ గణం మొదలవుతుంది, గురువు కావాలి. అక్కడ చంద్ర. ఇరవయ్యో అంకె, అంటే సంఖ్యలో అన్నిటికన్నా పెద్ద స్థానంలో ఉన్న ఒకటి, మూడో పాదంలో పడింది. అక్కడ రెండు లఘువుల మీద ఒక గురువు, ఒక లఘువు కావాల్సి వచ్చింది. తుహినాంశు అన్నాడు. మంచు కిరణాలవాడూ చంద్రుడే కదా.

యతి దగ్గర పనితనం ఇంకా గొప్పది. మొదటి పాదం బాణంతో, శర అనే మాటతో ఎత్తుకుంది. పదకొండో అక్షరం దగ్గరికి వచ్చేసరికి సంఖ్యలో ఆరో అంకె ఐదు పడింది. బాణానికి సాయకం అనే పేరుంది. శ కు స తో యతి చెల్లుతుంది, సా గురువు కాబట్టి గణమూ సరిపోతుంది. ఇది కొంత అదృష్టం అనుకుందాం. రెండో పాదం అదృష్టం కాదు. ఆ పాదం ధ కారంతో మొదలైంది. పదకొండో అక్షరం దగ్గర ఆరు చెప్పాలి. ఆరుకు మామూలుగా రసమనో ఋతువనో అంటారు. వాటితో యతి కుదరదు. ఆరు తర్కాలున్నాయన్న లెక్కతో ఆరుకు తర్కమనే పేరూ ఉంది. త కారం ధ కారానికి వర్గం మాట, పైగా తర్ గురువు. ఒక్క మాటతో అంకె, యతి, గణం మూడూ తీరాయి. ఎన్ని మాటలు వెతికి ఉంటాడో గాని, దొరికిన మాట మాత్రం ఆ చోటు కోసమే పుట్టినట్టుంది.

ప్రాస సంగతి చూస్తే అభిమానం ఇంకా పెరుగుతుంది. శర అని ఎత్తుకున్నాడు కాబట్టి ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ర కావాలి. మొదటి పాదం ఆఖర్న ఏడు వచ్చింది. ఏడుకు కొండ పేర్లు బోలెడున్నాయి. అంతకు రెండు అంకెల ముందే నగ అని వాడాడు, తరువాత ఇంకో ఏడుకు గిరి అని వాడబోతున్నాడు. ఇక్కడ మాత్రం భూధర అన్నాడు. భూ అన్న అక్షరంతో పాదం ముగుస్తుంది, ధర అన్నవి తరువాతి పాదంలోకి దిగుతాయి. రెండో పాదానికి ప్రాస దొరికింది. ఆ పాదం చివర ఎనిమిది. ఏనుగుకు కరి, గజ, దంతి అని ఎన్నో పేర్లుండగా కుంజర అన్నాడు. కుం దగ్గర పాదం విరిగి జర అన్నవి మూడో పాదం ఎత్తుకున్నాయి. మళ్లీ ర. రెండు పాదాల అంచుల్లో రెండు మాటల్ని విరిచి, విరిగిన ముక్కలతోనే ప్రాస కట్టాడు. పద్యం వినేవాళ్లకు ఈ విరుపు తెలియనే తెలియదు, ఒకే ప్రవాహంగా వినపడుతుంది.

సంధిని కూడా వదల్లేదు. సున్న, ఏడు, మూడు వరసగా వచ్చే చోట ఆకాశం, కొండ, అగ్ని మూడూ సంధి కలిసి ఒక్క మాటైపోయాయి. కొండకు చెప్పిన మాటలో రెండో లఘువు, అగ్నిలోని అ కలిసి గా అనే గురువు పుట్టింది. ఆ పాదం ఆఖరి ర గణం మొదలవడానికి సరిగ్గా ఆ గురువే కావాలి. నాలుగు అనే అంకె సంఖ్యలో నాలుగుసార్లు వస్తుంది, రెండేసి జంటలుగా. నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు మాటలు: ఒక జంటలో సముద్రం, వేదం, ఇంకో జంటలో మళ్లీ సముద్రమే వేరే పేరుతో, దాని పక్కన బ్రహ్మ ముఖాలు. చూస్తే సంఖ్యలో రెండు అనే అంకె అసలు లేదు. రెండు తప్ప మరేమీ లేకుండా పుట్టిన సంఖ్యలో రెండే కనపడకపోవడం తమాషాగా ఉంటుంది. మొత్తం 84 అక్షరాల పద్యంలో మొదటి 48 అక్షరాలు ఇరవై అంకెలూ చెప్పేస్తాయి. మిగిలిన 36 అక్షరాల్లో అది చదరంగపు గడుల రెట్టింపుల మొత్తమని చెప్పి ముగించాడు.

రాతగాళ్ల చేతుల్లో ఒక అంకె మారితే తెలిసే దారి ఉందా? ఉంది. పద్యం గణం చెడితే చెవి పట్టేస్తుంది. అర్థం మారి గణం మారకపోతే లెక్క పట్టుకుంటుంది. ఇరవై అంకెలూ కూడితే 87. తొమ్మిదులు తీసేస్తే ఆరు మిగలాలి. రెట్టింపుల వరుసను తొమ్మిదితో భాగిస్తూ పోతే ఆరు గడులకొకసారి శేషం మొదటికి వస్తుంది, దాని ప్రకారం చూసినా ఆరే మిగులుతుంది. సంఖ్య నిలబడింది.

ఇంతవరకు చూసింది పదింటి లెక్కలో. ఇప్పుడు చంపకమాలనే ఒక సంఖ్యగా చూద్దాం. ఛందస్సు పుస్తకాల్లో ప్రతి వృత్తానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పట్టే పద్ధతికి ఉద్దిష్టం అని పేరు. అక్షరాల కింద ఎడమ నుంచి 1, 2, 4, 8, 16 అని రెట్టింపులు రాసుకుంటూ పోవాలి. లఘువుల కింద పడ్డవి కూడి, ఒకటి చేర్చాలి. చంపకమాలకు ఇలా కూడితే లఘువుల మొత్తం 7,11,599, ఒకటి చేర్చి 7,11,600. ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో పుట్టగల వృత్తాలు 20,97,152. అందులో చంపకమాల 7,11,600వది. ఛందస్సు చదివిన ప్రతివాళ్లూ ఈ అంకె బట్టీ పట్టే ఉంటారు. అది రెండు ఆధారంగా రాసిన సంఖ్య అన్న సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పరు. లఘువు ఉంటే ఆ స్థానం లెక్కలోకి వస్తుంది, గురువు ఉంటే రాదు. కంప్యూటర్లు నడిచే ద్విసంఖ్యామానం ఇదే. చంపకమాల మొదటి రెండు లఘువుల బదులు ఒక గురువు పెడితే ఉత్పలమాల అవుతుందని అందరికీ తెలుసు. లెక్కలోనూ అంతే: 7,11,599 లోంచి మొదటి రెండు లఘువుల విలువ మూడు తీసి, నాలుగుతో భాగించి, రెట్టింపు చేసి, ఒకటి చేర్చండి. 3,55,799 వస్తుంది. ఇరవై అక్షరాల కృతి ఛందంలో ఉత్పలమాల సంఖ్య అదే.

మళ్లీ బల్ల దగ్గరికి వస్తే, ఉద్దిష్టంలో అక్షరాల కింద రాసే రెట్టింపులూ చదరంగం గడుల్లో పోసే గింజలూ ఒకటే వరుస. బల్ల మీద మొదటి 21 గడుల్లో చంపకమాల పాదాన్ని పరచి, లఘువు పడ్డ 14 గడుల్లో మాత్రం గింజలు పోస్తే 7,11,599 గింజలు. అంటే మల్లన ఏ బల్ల గురించి పద్యం చెప్పాడో ఆ బల్ల మీదే ఆ పద్యపు నడక కూడా ఒక సంఖ్యగా కూర్చుని ఉంది. ఇది ఆయన ఎరిగి చేశాడని నేననను. కాని గణితమూ ఛందస్సూ రెండూ చదివినవాడికి రెట్టింపుల వరుస రెండు చోట్లా ఎదురయ్యే ఉంటుంది.

ఇప్పుడు కళ్ళంలోకి వద్దాం. కోస్తాలో వడ్లకు ఎక్కువగా వాడుకలో ఉన్న కొలతల వరుస ఇది. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. ఇరవై తూములు పుట్టి. కుంచం పరిమాణం ఊరూరికీ కాస్త మారేది, ఈ రెట్టింపుల వరుస మాత్రం పెద్దగా కదల్లేదు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనడం, ఏడుకు బదులు ఆరున్నొక్కటి అనడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

చదరంగం మొదటి గడిలో గింజకు బదులు గిద్దెడు వడ్లు పోయండి. రెండో గడిలో అరసోలెడు, మూడో గడిలో సోలెడు, ఆపైన తవ్వెడు, మానికెడు, అడ్డెడు, కుంచెడు, ఎనిమిదో గడిలో ఇరసెడు. బల్ల మీద మొదటి వరుస నిండింది. ఎనిమిది గడులకు ఎనిమిది కొలపాత్రలు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. తొమ్మిదో గడిలో తూమెడు. వరుసంతా కలిపితే 255 గిద్దలు, తూముకు ఒక్క గిద్ద తక్కువ. ఈ ఎనిమిది పాత్రలు ఉంటే, ఒక్కొక్కటి ఒక్కసారే వాడి, ఒకటి నుంచి 255 గిద్దల దాకా ఎంతైనా కొలవొచ్చు. ఏ పరిమాణానికైనా ఒక్కటే దారి ఉంటుంది, రెండో దారి ఉండదు. ఉదాహరణకు 228 గిద్దలు కావాలంటే ఇరస, కుంచం, అడ్డ, సోల. ఈ నాలుగే.

ఇందులో ఒకటి విడిచి ఒకటి తీసుకోండి: గిద్ద, సోల, మానిక, కుంచం, తూము. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఇది అచ్చంగా నాలుగు ఆధారంగా రాసే స్థానాల లెక్క. పదింటి లెక్కలో ఒకట్లు, పదులు, వందలు ఎలాగో ఇక్కడ గిద్దలు, సోలలు, మానికలు, కుంచాలు అలాగ. ఏ స్థానంలోనూ మూడు మించి ఉండదు, నాలుగైతే పై పాత్రలోకి పోతుంది. ఇంతకుముందు చెప్పిన 228 గిద్దలు ఈ లెక్కలో మూడు కుంచాలు, రెండు మానికలు, ఒక సోల, గిద్దలు సున్న. అంటే 3210.

పాత తెలుగు లెక్కల్లో ఈ నాలుగింటి భిన్నాలకు గుర్తులు కూడా ఉన్నాయి. వాటి తీరు చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగో వంతులకు నిలువు గీతల గుర్తులు: ఒక పావుకు ౹, రెండు పావులకు ౺, మూడు పావులకు ౻. దాని కింది స్థానంలో, పదహారో వంతులకు, అడ్డగీతల గుర్తులు: ౼, ౽, ౾. ఆ కింద అరవై నాలుగో వంతులకు మళ్లీ నిలువు, రెండు వందల యాభై ఆరో వంతులకు మళ్లీ అడ్డం. సున్నలు కూడా రెండు: నిలువు స్థానాలకు హళ్ళి ౸, అడ్డ స్థానాలకు మామూలు సున్న. మొత్తం ఎనిమిది గుర్తులు. గుర్తు నిలువా అడ్డమా అన్నదే దాని స్థానం ఎక్కడో సగం చెప్పేస్తుంది. మధ్యలో ఒక గుర్తు ఎగిరిపోతే రెండు నిలువులో రెండు అడ్డాలో పక్కపక్కన పడి, తప్పు కంటికి కొడుతుంది. పదింటి అంకెల్లో ఈ రక్షణ లేదు, 1055 లో ఒక ఐదు ఎగిరిపోతే 105 అని నిక్షేపంగా చదువుకుంటాం. చైనాలో పుల్లలతో లెక్కించేవాళ్లు కూడా ఒకట్లకు నిలువు పుల్లలు, పదులకు అడ్డ పుల్లలు ఇలాగే మార్చి మార్చి పేర్చేవారు. తెలుగు గుర్తులకు 2008లో యూనికోడ్ 5.1 చోటిచ్చింది, వాటితో పాటు తూముకు వాడే గుర్తు ౿ కు కూడా. అందుకే ఇవి ఈ వ్యాసంలో అచ్చు వేయగలుగుతున్నాం.

తూమును ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక కుంచం, ఒక మానిక, ఒక సోల, ఒక గిద్ద: ౹౼౹౼. ఐదుగురికి పంచితే మనిషికి మూడు మానికలు, మూడు గిద్దలు: ౸౾౸౾. పదిహేడు మందికి పంచితే మూడు సోలలు, మూడు గిద్దలు: ౸౦౻౾. మూడు పంపకాల్లోనూ చివర మిగిలేది సరిగ్గా ఒక్క గిద్ద. పదింటి లెక్కలో మూడో వంతు 0.333 అని సాగినట్టు, నాలుగింటి లెక్కలో అది 0.1111 అని సాగుతుంది. ఇంకో సుగుణం చూడండి. పదింటి లెక్కలో అంకెలన్నీ కూడితే తొమ్మిదితో పోతుందో లేదో తెలుస్తుంది, ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూస్తే పదకొండుతో పోతుందో లేదో తెలుస్తుంది. నాలుగింటి లెక్కలో ఆ రెండు పరీక్షలూ మూడుకూ ఐదుకూ పనిచేస్తాయి. ఐదుకు చేసే పరీక్షలో ఒకటి విడిచి ఒకటి ఏరుకునే శ్రమ కూడా లేదు. నిలువు గుర్తులన్నీ ఒక పక్క, అడ్డ గుర్తులన్నీ ఇంకో పక్క కూడి తేడా తీయడమే. రెండు కుంచాలు, ఒక మానిక, సోల లేదు, ఒక గిద్ద: ౺౼౸౼. నిలువులు రెండు, అడ్డాలు రెండు, తేడా సున్న. ఐదుతో శేషం లేకుండా పోతుంది. లెక్కగడితే 145 గిద్దలు. పుట్టికి ఇరవై తూములు, ఇరవైలో ఐదుంది. ఐదుతో భాగించాల్సిన అవసరం ఈ లెక్క రాసుకునేవాళ్లకు పడే ఉంటుంది.

మల్లన సంఖ్యను ఇక్కడికి తీసుకురండి. బల్ల మొదటి వరుస 255 గిద్దలు, మూడు కుంచాలు, మూడు మానికలు, మూడు సోలలు, మూడు గిద్దలు: ౻౾౻౾, అంటే 3333. ఎనిమిది వరుసలకూ ఇదే. బల్లంతా కలిపి నాలుగింటి లెక్కలో 32 మూడులు, మరొక అంకె లేదు. మొదట్లో గందరగోళంగా కనిపించిన ఆ ఇరవై అంకెల సంఖ్య అసలు రూపం ఇది: 33333333333333333333333333333333. పదింటి లెక్కకు 9999 ఎలాగో దీనికిది అలాగ, ఏ పాత్రలోనూ ఇంకొక్కటి పట్టని నిండు. ఇంకొక్క గిద్ద పోస్తే పాత్రలన్నీ ఖాళీ అయి ఒకటి పక్కన 32 సున్నలు.

దీని భాజకాలు కూడా ఈ లెక్కలోనే అందంగా విప్పుకుంటాయి. మూడును 11 తో గుణిస్తే 33. దాన్ని 101 తో గుణిస్తే 3333. దాన్ని 10001 తో గుణిస్తే ఎనిమిది మూడులు. ఇలా ఇంకో రెండు అడుగులు వేస్తే 32 మూడులూ పూర్తి. ఇవన్నీ నాలుగింటి లెక్కలో రాసిన సంఖ్యలు. మనం రోజూ రాసేట్టు రాస్తే 3, 5, 17, 257, 65537, 4294967297. గణితవేత్త ఫెర్మా వీటన్నిటినీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. చివరిది కాదని, 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపించాడు. కాబట్టి మల్లన గింజల రాసిని ముగ్గురు పంచుకున్నా, ఐదుగురు పంచుకున్నా, పదిహేడు మంది పంచుకున్నా, 257 మంది పంచుకున్నా ఒక్క గింజ కూడా తగాదాకు మిగలదు.

రూపాయి కూడా ఒకప్పుడు ఈ లెక్కలోదే. పావలా నాలుగో వంతు, అణా పదహారో వంతు, కాణీ అరవై నాలుగో వంతు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. పావలా 25గా సరిగ్గా కుదిరింది, అణా మాత్రం 6.25 పడింది. పావు పైసా నాణెం లేదు. అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని సర్దుకోవాల్సి వచ్చింది. 1958 నుంచి మెట్రిక్ కొలతలు దశలవారీగా దిగి కుంచాన్నీ తూమునూ పక్కకు నెట్టాయి. దేశమంతటికీ ఒకే కొలత కావడం మంచిదే, అందులో రెండో మాట లేదు. కాని పదహారో వంతు రాయడానికి పదింటి లెక్క దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెలు ఖర్చుపెడుతుంది, మన పాత గుర్తుల్లో అది ఒక హళ్ళి, ఒక అడ్డగీత. ఇదీ నమోదు చేసి ఉంచాల్సిన సంగతే.

నేటి కంప్యూటరు 64 బిట్లలో పట్టించగల అతి పెద్ద పూర్ణసంఖ్య ఏదని అడిగితే జవాబు మల్లన సంఖ్యే. మన చేతిలో ఉన్న ఫోను లోపల కూడా ఆ 64 స్థానాల బల్లే ఉంది.

ఒక విన్నపం. గోదావరి జిల్లాల బడుల్లో పనిచేసే తెలుగు మాస్టార్లూ లెక్కల మాస్టార్లూ ఏడాదికి ఒక్క పీరియడు కలిసి తీసుకోండి. తెలుగు మాస్టారు మల్లన చంపకమాల బోర్డు మీద రాసి గణాలు, యతులు విప్పండి. లెక్కల మాస్టారు పక్కన 32 మూడులు రాసి, వాటిని ఎలా గుణించుకుంటూ వచ్చామో చూపండి. ఎవరింట్లోనైనా అటక మీద పాత సోల, తవ్వ, మానిక ఉంటే పిల్లల్ని తెమ్మనండి. 228 గిద్దలు ఎన్ని పాత్రలతో కొలవచ్చో వాళ్లనే కొలిచి చెప్పనివ్వండి.